ఒక్క నోరు, పది మైకులు

ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకు, చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద, బతికున్న మనిషిని చంపేశాను. ఈ పని చేయడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి నా చేతిలో ఒక మౌస్ ఉంది. ఈసారి ఫోన్ ఉంది.

ఇవాళ్టిది ముందు చెప్తాను. ఎల్‌బీ నగర్ నుంచి బండి మీద పనికి పోతున్నాను. చంపాపేట్‌లో కూరగాయల బండ్ల దగ్గర ట్రాఫిక్ ఆగింది. కరెంటు స్తంభానికి కట్టిన ఒక ఫ్లెక్సీలో అక్క ఫోటో కనిపించింది. తెల్లచీర, చుట్టూ పూల అంచు, మూలకు రెండు పావురాలు. కింద పెద్ద అక్షరాల్లో ‘ప్రభువునందు’ అని ఉంది. తర్వాతి మాట కూరగాయల బండి గొడుగు వెనక దాక్కుంది. ఇంతలో వెనక నుంచి హారన్లు. ముందుకు కదిలాను. దాక్కున్న మాటను నా బుర్ర తనంతట తనే పూర్తి చేసుకుంది. క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాస్తారు. ఆ మాట నాకు నేర్పింది కూడా అక్కే.

బండి పక్కకు ఆపి, పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అక్క ప్రభువునందు నిద్రించిందని రాసి పంపాను. తొందరలో ‘నిద్రించింది’లో మొదటి సున్నా పెట్టడం మరిచిపోయాను. వరసగా దండాల బొమ్మలు వచ్చాయి. పదకొండు గంటలకు, ఆ గ్రూపులో లేని ఒకాయన నాకే విడిగా పంపాడు: "అక్క పోయిందట, తెలుసా?" ఆయనకు కూడా తెలిసిందంటే ఇక నిజమే అనుకున్నాను. సగం రోజు సెలవు పెట్టి పూలదండ కొన్నాను.

అక్క నిక్షేపంగా ఉంది. ఆ దండ కథ తర్వాత చెప్తాను. అసలు అక్క ఎవరో తెలియకపోతే నేను చేసిన తప్పు ఎంతదో తెలియదు.

అప్పట్లో మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్ డిపో దగ్గరి సందులో, ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. అంతకుముందు అది కోచింగ్ సెంటర్. బోర్డు మీద ఎవరో చెరగని మార్కర్‌తో మొదలుపెట్టిన లెక్క సగంలోనే ఆగిపోయి ఉండేది. దాని కింద ఆరు కంప్యూటర్లు. మా ప్రోగ్రాం రాత్రింబవళ్ళు తెలుగు వెబ్ పేజీలు చదువుతూనే ఉంటుంది. వార్తలు, వంటలు, ఊళ్ళ చరిత్రలు, ఏది దొరికితే అది. చదివి సంగతులు ఏరుకుంటుంది: బత్తాయి ఒక పండు, ఫలానా ఆయన ఒక డాక్టరు. నేర్చుకున్నదాని ఆసరాతో మళ్ళీ చదివి ఇంకొంచెం నేర్చుకుంటుంది. బత్తాయి, మామిడి అని వచ్చిన చోట మూడో మాట ఏదుంటే అది కూడా పండే అనుకుంటుంది. ఒక తప్పు నేర్చుకుందంటే దాన్ని పట్టుకుని పది తప్పులు నేర్చుకుంటుంది. అందుకని మధ్యలో మేము. అది తెచ్చిన ప్రతి సంగతీ చూసి, నిజమైతే ఆకుపచ్చ బటన్, కాకపోతే ఎర్ర బటన్ నొక్కాలి. ఆ గదికి నేను షిఫ్ట్ లీడర్‌ని. అంటే నొక్కేవాళ్ళను తొందరపెట్టేవాణ్ణి.

అక్కకు యాభై దాటాయి. సరూర్‌నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చేది, చేతిలో మురుకుల స్టీలు డబ్బా. కళ్ళజోడుకు నల్లదారం కట్టుకునేది. కుర్చీలో కూర్చుని మానిటర్ నెత్తిన వేలితో రెండుసార్లు తట్టి, "ఏం చదివినవ్ రాత్రంత?" అని అడిగేది. ఆ ప్రోగ్రాంకు కంపెనీ పెట్టిన పేరు ఇంగ్లిషులో పొడుగ్గా ఉండేది. అక్క దాన్ని ‘మనోడు’ అనేది. వారం తిరిగేసరికి మా అందరికీ అది మనోడే అయిపోయింది.

మనోడు మొదటి నెలలోనే బాటసింగారం ఒక పండు అని తేల్చాడు. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం పోయిన రోజులవి. మామిడి, బత్తాయి అన్న మాటల పక్కనే ప్రతి వార్తలోనూ ఆ ఊరి పేరు ఉండేది. అంతకుముందు రాసిన పేజీల్లో అదే చోట కొత్తపేట ఉండేది. కాబట్టి కొత్తపేట కూడా పండే. అక్క రెండు వాక్యాలనూ పైకి చదివి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.

"తమ్మీ, కొత్తపేట మాగితే బాటసింగారం అయితదట."

అక్క నవ్వితే చప్పుడు రాదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. ఎంతసేపటికో ఎక్కిళ్ళలాంటి ఒక్క శబ్దం వస్తుంది. ఆ శబ్దం వచ్చేదాకా గదిలో ఎవరికీ పని సాగేది కాదు. మర్నాడు సంచినిండా బత్తాయిలు తెచ్చి అందరికీ పంచింది. "తీస్కోర్రి, బాటసింగారాలు. ఒకటి కొత్తపేటనే ఉన్నది, ఇంక మాగలే." పచ్చిది నాకిచ్చింది.

తప్పు చేసినరోజు మనోడికి శిక్ష ఉండేది. అక్క మానిటర్‌ను గోడవైపు తిప్పేసి చాయ్ తాగేది. ఒకరోజు మా సార్ వచ్చి చూశారు. ఆయనది గుంటూరు వైపు.

"ఏమైందండీ దీనికి? పాడైందా?"

"గోడకుర్చీ ఏసిన సార్. బుద్ధొస్తది."

"ఎంతసేపండీ?"

"నా చాయ్ అయ్యేదాంక."

సార్ ఆ మానిటర్ వెనకభాగాన్ని కాసేపు చూసి వెళ్ళిపోయారు.

చావుల సంగతికి వస్తే మనోడికి అస్సలు తెలివి లేదు. ‘వ్యాపారం చేశారు’, ‘వ్యవసాయం చేశారు’ అని చదివి అవి వృత్తులని నేర్చుకున్నాడు కదా, ‘కాలం చేశారు’ అని కనిపించిన పెద్దమనుషులందరికీ ‘వృత్తి: కాలం’ అని రాసిపెట్టాడు. స్వర్గస్థులైన వాళ్ళందరికీ ‘నివాసం: స్వర్గం’. అక్క ఆ వరస చూసి, "జర పిన్‌కోడ్ గూడ అడుగు తమ్మీ" అంది. ‘ప్రభువునందు నిద్రించారు’ అన్నవాళ్ళకు ‘ప్రస్తుత స్థితి: నిద్ర’ అని పెట్టాడు. మేమంతా పడీపడీ నవ్వాం. అక్క మాత్రం ఆ వాక్యం ముందు కొంచెం ఆగింది.

"మా ఆయన రాయి మీద గూడ గదే ఉంటది," అంది. "మనోడు అన్నది తప్పేం కాదు. మా నమ్మకంల నిద్రనే. కానీ నువ్వు చనిపోయిండనే రాయి. లేకుంటే నిద్రలేపి ఓటర్ స్లిప్ ఇస్తరు."

భుజాలు ఎగిరాయి. ఎక్కిళ్ళ శబ్దం వచ్చింది. అప్పుడు మేమూ మళ్ళీ నవ్వాం.

అక్క ఏ సంగతికైనా మూడు ప్రశ్నలు వేసేది. ఎవరు చెప్పిన్రు? ఆళ్ళకెట్ల తెలుసు? వేరేవాళ్ళు ఎవరన్న చూసిన్రా? వాళ్ళ చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివే పని ఆమెదే. పుట్టిన పిల్లలు, పెళ్ళిళ్ళు, మరణాలు. ఇంటివాళ్ళు వచ్చి నోటితో చెప్తే తప్ప ఏ చావూ చదివేది కాదట. "మైకుల ఒకపారి చస్తే, మళ్ళ బతుకుడు శాన కష్టం తమ్మీ," అనేది.

నేను మొదటిసారి చంపిన మనిషి ఒగ్గు కథ చెప్పే ఒక పెద్దాయన. ఒకరోజు మనోడు ఆయన చనిపోయాడని తెచ్చాడు. ఐదు సైట్లు చెప్పాయి కాబట్టి వాడి నమ్మకం గట్టిది. అక్క ఎర్ర బటన్ నొక్కింది. ఆ సాయంత్రం లిస్టు కంపెనీకి పంపాలి, మర్నాటికి అది కంపెనీ సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. ఎరుపులు ఎక్కువైతే నాకు మాట పడేది.

"ఐదు సైట్లు చెప్పినయ్ గదా అక్కా!" అన్నాను.

"ఐదు కాదు, ఒక్కటే. గిటు చూడు." తెర మీద వేలు పెట్టి చూపించింది. ఐదింట్లోనూ ‘గుండెపోటుతో’ అని ఉండాల్సిన చోట ‘గుండెపోతుతో’ అని ఉంది. "ఐదింట్లనూ ఆయన గుండెలకు దున్నపోతే జొరబడ్డదా? ఒకడు తప్పు రాసిండు, నలుగురు కాపీ కొట్టిన్రు. ఒక్క నోరు తమ్మీ, పది మైకులు. ఇంటోళ్ళు చెప్పేదాంక నేనైతే నొక్క."

అలా అని చాయ్‌కి కిందికి వెళ్ళింది. నేను ఆమె కుర్చీని కొంచెం పైకి లేపుకుని కూర్చున్నాను. ఎరుపు తీసేసి ఆకుపచ్చ నొక్కాను. అంతే. రెండు సెకన్ల పని.

నాలుగు రోజులకు ఆ పెద్దాయన మనవడు ఆఫీసుకు ఫోన్ చేశాడు. తాత పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడట. ఎవరో సెల్లులో మా సైట్ చూపిస్తే, తను చచ్చిపోయానని చదువుకుని చేయి కడిగేసుకున్నాడట. సార్ గదిలోకి వచ్చారు. ఎప్పుడూ అరవని మనిషి ఆరోజు అరిచారు.

"ఎవరండీ ఇది ఓకే చేసింది?"

రికార్డు తీస్తే అక్క పేరు వచ్చింది. అందరూ ఆమెవైపు తిరిగారు. నా కీబోర్డు సందులో ఒక మురుకు ముక్క ఇరుక్కుని ఉంది, నేను దాన్ని గోటితో తీస్తూ కూర్చున్నాను. అది ఆమె పెట్టిన మురుకే. అక్క కళ్ళజోడు తీసి నన్ను చూసింది. తర్వాత సార్‌ను చూసింది.

"నా కుర్చీలనే అయింది సార్," అంది.

సార్ ఆమెను కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ సోమవారం అక్క రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. చర్చిలో ప్రకటనలు చదివే మనిషి బతికున్నవాణ్ణి చంపిందన్న మాట ఆఫీసు దాటి ఆమె వీధిదాకా పోయిందని ఎవరో చెప్పారు. నేను ఏమీ అనలేదు. రేపు పోయి చెప్తాను అనుకున్నాను. సరూర్‌నగర్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచిపోయేంత దూరమే. ఆ రేపు ఏళ్ళ తరబడి రాలేదు. ఆఫీసు మూతపడింది. ఇవాళ ఆ ఫ్లెక్సీ చూసినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం అని రాస్తే అబద్ధం. ఇక చెప్పే వీలు లేదు అన్న భయం మొదటిది. దాని వెనకే, సిగ్గు లేకుండా, ఇక చెప్పక్కర్లేదు అన్న ఊపిరి కూడా వచ్చింది. అది కూడా ఇక్కడ రాసెయ్యాలి.

దండ పట్టుకుని ఆమె సందులోకి పోయాను. షామియానా లేదు. కుర్చీలు లేవు. గడప ముందు ఒక్క జత చెప్పులు. అప్పుడే తీసుకుపోయారేమో, ఆలస్యమయ్యాను అనుకుంటూ తలుపు తోశాను. అక్క పీట మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది.

నన్ను చూసింది. దండను చూసింది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.

"ఎవరికి తమ్మీ?"

నా నోట్లోంచి నిజమే వచ్చింది. "మీకే అక్కా."

"మంచిగున్నది. బంతిపూలు ఎక్కువ పడ్డయ్." చెయ్యి చాచి దండ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "కూసో. పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు. ఒకామె నన్నే నా బిడ్డ అనుకున్నది. ‘ఎప్పుడు తీస్కపోతరమ్మా’ అని ఏడ్సుకుంట అడిగింది. కూర పొయ్యి మీదున్నదమ్మా, అయినంక పోతం అని చెప్పిన."

భుజాలు ఎగరడం మొదలైంది. నేను గడపలోనే కూర్చున్నాను.

"ఎవరు చెప్పిన్రు?" అంది. మొదటి ప్రశ్న.

"ఫ్లెక్సీల చూసిన అక్కా."

"ఏమని ఉన్నది?"

"ప్రభువునందు..."

"ఆఁ, ప్రభువునందు?"

"మిగతాదానికి గొడుగు అడ్డమొచ్చింది."

"మరి మిగతాది ఎవరు రాసిన్రు?"

"నేనే."

అప్పుడు వచ్చింది ఆ ఎక్కిళ్ళ శబ్దం. ఎన్నేళ్ళయింది ఆ చప్పుడు విని! ఎల్లిపాయలు ఒళ్ళోంచి దొర్లిపోయాయి. ఇద్దరం నేల మీద పాకుతూ ఏరాం. నవ్వాగాక చెప్పింది. శనివారం వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళ సభ, మాట్లాడేది అక్కే. పేరు కూడా ఆమే పెట్టింది: ‘ప్రభువునందు నవ్వుకుందాం, రండి’. ఇదేం పేరమ్మా అని పాస్టర్‌గారు రెండు రోజులు ఒప్పుకోలేదట. ఇన్నాళ్ళ తర్వాత మళ్ళీ మైకు ఇస్తున్నారు, పేరు మాత్రం నేనే పెడతా అని పట్టుబట్టిందట. ఇన్నాళ్ళ తర్వాత అన్న మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం అక్కడే తగిలింది.

తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తను చనిపోయానని ఆమెకే ఏడుగురు పంపారు. "గిది చూసినవా? అన్నిట్ల ‘నిద్రిచింది’ అనే ఉన్నది. ఏ ఒక్కదాంట్ల మొదటి సున్నా లేదు. ఒక్క నోరే అని పొద్దుగాలనే అనుకున్న. గా నోరు దండ పట్టుకొని వస్తదని అనుకోలే."

ఇక ఆగితే మళ్ళీ రేపు అయిపోతుంది. చెప్పేశాను. ఒగ్గు కథ పెద్దాయన సంగతిలో ఆకుపచ్చ నొక్కింది నేనని, సార్ అరిచినప్పుడు తల దించుకున్నానని.

"నాకెర్కనే," అంది, ఎల్లిపాయ ఒలుస్తూనే.

"ఎట్లెరుక?"

"చాయ్ తాగొచ్చి కూసుంటె నా కాళ్ళు నేలకు అందలే. కుర్చీ ఎత్తయింది. గా గదిల పొడుగు కాళ్ళు నీయి ఒక్కనియే."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే అక్కా?"

కత్తి కింద పెట్టింది. "చూసినోళ్ళు లేరు గద తమ్మీ. చెప్తే నేనొక్కదాన్నే చెప్పాలె. ఒక్క నోరు చెప్తే ఒప్పుకునుడు లేదని గన్నిసార్లు మనోనికి నేర్పి, నాదాంక వస్తె మారుస్తనా? నా కుర్చీల అయిందన్నది నాకు తెల్సు, గంతే చెప్పిన. మిగతాది నువ్వు చెప్తవని చూసిన."

ఆమె నిలబడిన నియమం వల్లే ఆమె ఉద్యోగం పోయింది. ఆ నియమం అడ్డుపెట్టుకుని నేను ఉద్యోగం చేసుకున్నాను.

"ఇప్పుడు చెప్పిన గద," అన్నాను, చివరికి.

"చెప్పినవ్. ఇప్పుడు రెండు నోర్లయినయ్." మళ్ళీ కత్తి తీసుకుంది. "ఇగ మనోడైన ఒప్పుకుంటడు. కానీ నాకు చెప్తె ఏం ఫాయిదా? నాకెర్కున్న ముచ్చటే నాకు చెప్తివి. తెల్వనోళ్ళకు చెప్పు."

అక్కడే కూర్చుని మొదలుపెట్టాను. మెసేజీలు వద్దంది, మైకులు ఎక్కువైతాయని. పొద్దున నేను రాసింది చదివిన ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమంది. నేను, "అక్క బతికే ఉంది, తప్పు నాది" అనగానే, "కూర గూడ అయింది, రార్రి" అని పక్కనుంచి అనేది. ఒకాయన భయపడి ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేసి సముదాయించాల్సి వచ్చింది. ప్రతి ఫోన్‌లోనూ ఆకుపచ్చ బటన్ సంగతి కూడా చెప్పాను. మొదటి మూడు ఫోన్లలో తడబడ్డాను. తర్వాత తడబడలేదు.

సార్‌కు ఆఖర్న చేశాను. రెండు తప్పులతోపాటు శనివారం సభ సంగతీ చెప్పాను.

"ఏంటండీ మీరు, ఇన్నేళ్ళకా చెప్పేది?" అన్నారు. తర్వాత గొంతు మార్చి, "ఆవిడ పక్కనున్నారా? ఒకసారి ఇవ్వండి" అన్నారు. "అమ్మా, నేను కూడా అడగాల్సింది అడగలేదండీ. మీరు క్షమించాలి. శనివారం మీ సభకు నేనూ వస్తాను, అందరి ముందూ చెప్తాను. రావచ్చాండీ?"

"రార్రి సార్. కానీ జల్ది రావాలె. లేటైతె గోడకుర్చీనే."

ఇదంతా రాస్తానంటే పేరు మాత్రం రాయొద్దంది. "రేపు మనోడసోంటోడు ఎవడన్న చదివితె, నా మీద ఇంకేం నేర్చుకుంటడో!" అందుకే ఇందులో ఆమె అక్క మాత్రమే.

సాయంత్రం తిరిగి పోతూ చంపాపేట్‌లో ఆగాను. దండ అక్క నాకే తిరిగి ఇచ్చేసింది, "ఫ్లెక్సీల ఉన్నదానికి ఎయ్యకు, మళ్ళ చంపినట్టయితది" అని. దాన్ని బండి హ్యాండిల్‌కు చుట్టుకున్నాను. కూరగాయలమ్మ గొడుగు కింద కొత్తిమీర కట్టలు సర్దుతోంది.

"అమ్మా, గీ గొడుగు జర పక్కకు జరుపుతవా? వెనక రాసింది కనిపిస్తలేదు."

ఆమె వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చూసింది. "గామె పోయిందట గద సార్. పాపం, నా దగ్గరనే కూరగాయలు కొనేది. పొద్దుగాల్నుంచి అందరు అంటున్నరు."

"అందరు కాదమ్మా," అన్నాను. "ఒక్కడే అన్నడు. నేనే."

ఆమె నన్నూ, బండికి చుట్టిన బంతిపూలదండనూ ఎగాదిగా చూసింది. నేను గొడుగు కర్ర పట్టుకున్నాను, ఆమె కింది రాయి జరిపింది. రెండడుగులు. ఎండ టమాటాల మీద పడింది. ఆమెకు చదువు రాదట, ఏం రాసి ఉందో చెప్పమంది. ట్రాఫిక్ మధ్యలో నిలబడి, ఒక్క అక్షరం కూడా వదలకుండా, చివరి మాటదాకా గట్టిగా చదివాను.